నాయనమ్మ క్యాలెండరు - పెదనాన్నగారి నోట్‌బుక్కు

మొన్న ఆదివారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో నుంచి ముగ్గురు వెళ్ళిపోయారు. ఆస్తి తగాదా కాదు, పెళ్ళి పిలుపుల దగ్గర పట్టింపూ కాదు. ఒక కార్టూను! ఎవరో కుర్రాడు ఒక నాయకుడి మీద వేసిన బొమ్మను పొద్దున్నే గ్రూపులో పడేశాడు. ఆ నాయకుడెవరో చెప్పను, చెబితే మీ ఇంట్లోనూ ఇద్దరు అలుగుతారు. మా ఆడపడుచు పడిపడి నవ్వింది. మా మరిదికి కోపం వచ్చింది. నేను పప్పు తాలింపు పెట్టి వచ్చి చూసేసరికి నలభై రెండు సందేశాలు. మధ్యాహ్నం భోజనాల వేళకు మరిది, తోటికోడలు, వాళ్ళ అబ్బాయి వరసగా నిష్క్రమించారు.

"ఒక్క బొమ్మకి ఇంత రాద్ధాంతమా?" అన్నారు మా వారు.

"మీకు తెలీదు లెండి, మా ఇంట్లో ఒక్క బొమ్మకి నాయనమ్మ రెండు రోజులు అన్నం మానేసింది" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక అటక మీద ఉన్న రేకు పెట్టె దింపించి, అడుగున ఉన్న పాత నోట్‌బుక్కు తీశాను. అట్ట ఊడిపోయింది. మైదాపిండి జిగురుతో అతికించిన పత్రికల ముక్కలు పచ్చబడి, ముట్టుకుంటే అప్పడంలా విరుగుతున్నాయి. అది మా పెదనాన్నగారిది.

మా ఇల్లు చర్లపల్లిలో. ఇప్పుడు చర్లపల్లి అంటే అందరికీ 2025 జనవరిలో ప్రారంభమైన పెద్ద రైల్వే టెర్మినలో, లేకపోతే సెంట్రల్ జైలో గుర్తుకొస్తుంది. నా చిన్నప్పుడు అది పారిశ్రామికవాడ. కాజీపేట వైపు వెళ్ళే పాసింజర్లు ఆగే చిన్న స్టేషను, కార్ఖానాల సైరన్లు, ఆ సైరన్లను బట్టి పొయ్యి మీదికి ఎసరు పెట్టే ఆడవాళ్ళు - అదీ మా ఊరు. నాన్న అక్కడే ఒక కార్ఖానాలో పనిచేసేవారు. నాన్న కంటే చాలా పెద్దవారు పెదనాన్నగారు. ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో యు.డి.సి. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం.

నాయనమ్మ గదిలో ఒక క్యాలెండరు ఉండేది. నెలలూ తేదీలూ ఎప్పుడో చింపేయగా మిగిలింది బొమ్మ ఒక్కటే: నెమలిపించం, కిరీటం, చిరునవ్వుతో కృష్ణుడు. రోజూ దానికి ఒక మందారం పెట్టేది. ఆ కృష్ణుడు నందమూరి తారక రామారావు గారని నాకు చాలాకాలం తెలీదు. నాయనమ్మకు తెలుసు. తెలిసే పెట్టేది. 'మాయాబజార్' 1957లో వచ్చింది. ఆ తరం ఆడవాళ్ళను కళ్ళు మూసుకుని కృష్ణుణ్ణి తలుచుకోమంటే ఆ ముఖమే కనిపించేదంటే అతిశయోక్తి కాదు. నాచారం వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచి ఎవరో ఒకరు "అదిగో, రామారావుగారి స్టూడియో అటే" అని చూపించేవారు. నాయనమ్మ బస్సులోనే చేతులు జోడించేది. కండక్టరు నవ్వితే ఆవిడ లెక్కచేసేది కాదు.

ఆ కృష్ణుడు 1982 మార్చి 29న పార్టీ పెట్టాడు. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1983 జనవరి 9న, ముఖ్యమంత్రి అయ్యాడు. నాకప్పుడు ఐదేళ్ళు. వీధిలో బాణాసంచా కాల్చారనీ, నాయనమ్మ పరమాన్నం వండించిందనీ అమ్మ చెప్పేది. పరమాన్నం పెదనాన్నగారు కూడా తిన్నారట. ఓటు కూడా వేశారట.

తర్వాత నెల తిరగకుండానే ఒక జీవో వచ్చింది. ప్రభుత్వోద్యోగులు 58 ఏళ్ళకు కాదు, 55 ఏళ్ళకే రిటైరు కావాలి. అప్పటికే 55 నిండినవాళ్ళందరూ ఫిబ్రవరి 28న ఇంటికి. చదువుకున్న కుర్రాళ్ళకు ఉద్యోగాలు దొరకాలి కదా అని ప్రభుత్వం వాదన. అదీ అబద్ధం కాదు. నిరుద్యోగులున్న ఇళ్ళలో ఆ రోజు పండగే. కానీ 18 వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. మా పెదనాన్నగారికి సరిగ్గా జనవరిలోనే 55 నిండాయి.

ఆయన కూతురు, మా అక్కకు, అప్పటికి పెళ్ళి కుదిరి ఉంది. వేసవిలో ముహూర్తం. "ఉద్యోగంలో ఉన్న తండ్రి" అని మాట్లాడుకున్న సంబంధం "ఇంట్లో కూర్చున్న తండ్రి" అనేసరికి మెల్లగా జారిపోయింది. వాళ్ళను తప్పుపట్టలేం. కట్నం మాట ఇచ్చింది జీతాన్ని చూసుకునే కదా!

అలా మా ఇంట్లో రెండు పార్టీలు పుట్టాయి. నాయనమ్మది మందారం పార్టీ. పెదనాన్నగారిది నోట్‌బుక్కు పార్టీ.

ఆయన పొద్దున్నే పత్రిక తెరిచి ముందు కార్టూను చూసేవారు. తర్వాతే వార్తలు. రామారావు గారి మీద బొమ్మ ఏ పత్రికలో పడినా సరే, పక్కింటివాళ్ళదైనా అడిగి తెచ్చి, కత్తిరించి అతికించేవారు. కింద తేదీ వేసేవారు. యు.డి.సి. గదా, తేదీ లేకుండా ఏ కాగితమూ ఫైలులో పెట్టరు! ఉద్యోగం పోయాక పారిశ్రామికవాడలోనే ఒక చిన్న కార్ఖానాలో చిట్టా లెక్కలు రాసేవారు. సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, నోట్‌బుక్కు తిరగేస్తూ కాఫీ తాగేవారు. ఆ ఒక్క అరగంటా ఆయన నవ్వడం మేము చూసేవాళ్ళం.

బి.ఏ.లో చరిత్ర చదువుకున్న బుద్ధితో ఇప్పుడు ఆలోచిస్తే, తెలుగు కార్టూనుకు ఆ పదేళ్ళూ కలిసొచ్చిన కాలమనిపిస్తుంది. 'భారతి' పత్రికలో బొమ్మలు వేసిన తలిశెట్టి రామారావు గారిని మనవాళ్ళు తొలి తెలుగు కార్టూనిస్టు అంటారు. ఆ తర్వాత చాలాకాలం మన వారపత్రికల్లో కార్టూనంటే అప్పడాలకర్ర భార్య, అప్పిచ్చిన కాబూలీవాలా, నిద్రపోయే గుమాస్తా. అవి చూసి మనమూ నవ్వాం, మనమీదే అయినా! రోజూ పత్రిక మొదటి పేజీలో ముఖ్యమంత్రిని చూసి నవ్వుకోవడం ఇంటింటి అలవాటయింది మాత్రం 80లలోనే. 'ఈనాడు'లో శ్రీధర్ గారి 'ఇదీ సంగతి' కాఫీతో పాటు వచ్చేది. 2021లో ఆయన ఆ పత్రిక వదిలేనాటికి అక్కడ నలభై ఏళ్ళు పనిచేశారు. 'ఉదయం'లో మోహన్ గారి గీత మరో రకం. గీతలు వేరు, పత్రికల పక్షాలు వేరు, కానీ అందరికీ కనిపించే మనిషి ఒక్కడే.

కార్టూనిస్టులకు రామారావు గారు దేవుడిచ్చిన వరం. ప్రచారంలో ఖాకీ, తర్వాత కాషాయం, తలపాగా, ఎత్తిన చెయ్యి, నాటకం పద్యంలాంటి మాట. రెండు గీతలు గీస్తే చాలు, పేరు రాయక్కర్లేదు. పైగా ఆయన చేసేవన్నీ పెద్ద పెద్ద పనులే. రెండు రూపాయలకు కిలో బియ్యం 1983లో. మునసబు, కరణాల వంశపారంపర్యం రద్దు 1984లో. తాలూకాలు పోయి మండలాలు రావడం ఆ వెంటనే. ఒక్కొక్క పనికీ ఒక ఇంట్లో దీపం వెలిగితే ఇంకో ఇంట్లో ఆరిపోయేది. మా ఇంట్లోనే చూడండి, రెండు రూపాయల బియ్యం తిన్న పనిమనిషి ఆయన్ను తల్లి అనేది. ఆవిడకు జీతం ఇవ్వడానికి వెతుక్కుంటున్న మా పెద్దమ్మ ఇంకేదో అనేది.

ఇక అన్నం మానేసిన కథ. ఒకరోజు ఒక పత్రికలో బొమ్మ పడింది. కిరీటం పెట్టుకుని, నెమలిపించంతో, ఫైలు మీద సంతకం చేస్తున్న ముఖ్యమంత్రి. పెదనాన్నగారు అది చూసి మంచంమీద పొర్లి నవ్వారు. నవ్వి ఊరుకోక, "అమ్మా, నీ కృష్ణుడు ఏం చేస్తున్నాడో చూడు" అని తీసుకెళ్ళి చూపించారు.

నాయనమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఒరే, ఆయన్ని తిట్టాలంటే తిట్టు. నీ కడుపు మండింది, నేను కాదన్ను. ఆ పించం జోలికి ఎందుకు వెళ్ళారురా? అది ఆయనది కాదు, నాది" అంది.

ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడూ తినలేదు. మూడోనాడు పెదనాన్నగారే కంచం పట్టుకెళ్ళి పక్కన కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. నోట్‌బుక్కులో మాత్రం ఆ బొమ్మ ఉండాల్సిన చోట జిగురు మరక ఒక్కటే ఉంది. అతికించి, పీకేశారన్నమాట.

నాయనమ్మ అన్న ఆ మాట నాకు ఇన్నేళ్ళకు అర్థమవుతోంది. కార్టూనిస్టు గీసేది నాయకుణ్ణే. కానీ ఆ నాయకుడి లోపల చూసేవాళ్ళు తమది ఏదో దాచుకుని ఉంటారు. ఒకరు దేవుణ్ణి దాచుకుంటారు, ఒకరు కులాన్ని, ఒకరు బతుకుతెరువును. సూది ఆయనకు గుచ్చితే నొప్పి వీళ్ళకు పుడుతుంది. 1949లో శంకర్ ఒక కార్టూను వేశారు. రాజ్యాంగం ఆలస్యమవుతోందని, నత్త మీద కూర్చున్న అంబేడ్కర్, వెనక కొరడాతో నెహ్రూ. ఆ బొమ్మను తర్వాత ఎప్పుడో పదకొండో తరగతి పాఠ్యపుస్తకంలో చేర్చారు. 63 ఏళ్ళ తర్వాత, 2012లో, దాని మీద పార్లమెంటు అట్టుడికిపోయింది. బొమ్మ అదే, గీతలు అవే. కానీ ఆ మధ్యకాలంలో కోట్లమంది ఆయనలో తమ పరువును దాచుకున్నారు. కొరడా ఆయన వీపు వైపు కాదు, తమ వైపు వస్తున్నట్టు కనిపించింది. అది తప్పని ఎలా అంటాం? మా నాయనమ్మ అన్నం మానేసిందీ అందుకే కదా!

అన్నం మానడం ఒక రకం. కర్ర పట్టుకోవడం ఇంకో రకం.

1987లో 'మండలాధీశుడు' అని ఒక సినిమా వచ్చింది. పేరులోనే ఎత్తిపొడుపుంది చూశారా? మండలాలు పెట్టిన ముఖ్యమంత్రి మీద తెరకెక్కిన కార్టూనది. దర్శకుడు ప్రభాకర్ రెడ్డి గారు. 'అత్తగారి కథలు' రాసిన భానుమతి గారూ అందులో ఉన్నారు. రామారావు గారిని పోలిన పాత్ర కోట శ్రీనివాసరావు గారు వేశారు. అప్పటికి ఆయన ఇంకా పైకి వస్తున్న నటుడు. అచ్చం ఆ నడక, ఆ చెయ్యి, ఆ మాట! కొన్నాళ్ళకు విజయవాడ రైల్వేస్టేషన్లో అభిమానులు ఆయన్ను పట్టుకుని కొట్టారు. ఆ సంగతి కోట గారే తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఇంకొకటి కూడా చెప్పారు. ఆ తర్వాత ఒకసారి విమానాశ్రయంలో రామారావు గారు ఎదురుపడితే భయపడుతూనే నమస్కారం పెట్టారట. ఆయన భుజం మీద చెయ్యి వేసి, పాత్ర బాగా చేశావని విన్నానని మెచ్చుకున్నారట.

అంటే ఎవరిని గీశారో ఆయనకు లేని కోపం అభిమానులకు వచ్చిందన్నమాట. నెహ్రూగారి కథా ఇలాంటిదే. తనను వదలొద్దని శంకర్‌కు ఆయనే చెప్పారని ప్రతీతి. 1962 యుద్ధం తర్వాత తన మీద వేసిన బొమ్మను సంతకం పెట్టి పంపమని నెహ్రూ ఫోను చేశారని ఆర్.కె. లక్ష్మణ్ చెప్పుకున్నారు.

అందరు పెద్దలూ అలా ఉండరనుకోండి. మండలాధీశుడు వచ్చిన ఆ 1987లోనే పక్కనున్న మద్రాసులో మరో కథ జరిగింది. 'ఆనంద వికటన్' మన ఈ పత్రికలాంటి కుటుంబ వారపత్రిక. కథలు, వంటలు, భక్తి, జోకులు. దాని ముఖచిత్రం మీద ఒక జోకు బొమ్మ వేశారు. వేదిక మీదున్న ఇద్దరిలో జేబుదొంగలా ఉన్నాయన ఎమ్మెల్యే అనీ, ముసుగుదొంగలా ఉన్నాయన మంత్రి అనీ. పేరు లేదు, ఊరు లేదు. అయినా శాసనసభ హక్కులకు భంగమన్నారు. ఏప్రిల్ 4న సంపాదకులు బాలసుబ్రమణియన్ గారికి మూడు నెలల కఠిన శిక్ష వేసి జైలుకు పంపారు. వంటలశీర్షిక నడిపే పత్రిక సంపాదకుడు జైల్లో! దేశమంతా గగ్గోలు పుట్టింది. రెండు మూడు రోజుల్లోనే వదిలేయాల్సి వచ్చింది. 1994లో హైకోర్టు ఆ అరెస్టు చెల్లదని, వెయ్యి రూపాయలు నష్టపరిహారం ఇవ్వమని తీర్పు చెప్పింది.

మనవాళ్ళేం తక్కువ తినలేదు. 1983లో శాసనమండలిలో జరిగిన గందరగోళానికి 'పెద్దల గలభా' అని శీర్షిక పెట్టినందుకు 'ఈనాడు' సంపాదకులు రామోజీరావు గారిని సభకు పిలిపించి నిలబెట్టాలని మండలి పట్టుబట్టింది. 'సభ' కాస్తా 'గలభా' అయిందని అంత కోపం! ఆయన సుప్రీంకోర్టుకెళ్ళి స్టే తెచ్చుకున్నారు. 1985లో ఆ మండలినే రద్దు చేశారు. 2007లో మళ్ళీ వచ్చిందనుకోండి.

ఈ కోపం ఇవాళ్టిది కాదు. 1831 ప్రాంతంలో ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్ ముఖాన్ని అక్కడి చిత్రకారులు బేరిపండులా గీశారు. పైన సన్నగా, కింద లావుగా. పారిస్ గోడలన్నిటి మీదా పిల్లలు బేరిపండ్లు గీయడం మొదలెట్టారట. రాజును తిండిపోతు రాక్షసుడిగా గీసిన దోమియే అనే ఆయనకు ఆరు నెలలు జైలు. మన దేశంలో ఎమర్జెన్సీ వచ్చిన 1975లో, ఆగస్టు నెలాఖరుతో 'శంకర్స్ వీక్లీ' మూతపడింది. అదే డిసెంబరు 10న అబూ అబ్రహాం వేసిన బొమ్మ మాత్రం ఎలాగో బయటపడింది. స్నానాలతొట్టిలో కూర్చున్న రాష్ట్రపతి చెయ్యి బయటికి చాపి ఆర్డినెన్సు మీద సంతకం పెట్టేస్తుంటాడు. చదువురాని వాళ్ళకు కూడా ఆ తొట్టి అర్థమైంది.

మళ్ళీ మా ఇంటికి వద్దాం. జీవో మీద ఉద్యోగులు కోర్టుకు వెళ్ళారు. 55 ఏళ్ళు సబబేనని 1985 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈలోగా ప్రభుత్వమే మనసు మార్చుకుని మళ్ళీ 58 చేసింది. మధ్యలో ఇంటికి పంపినవాళ్ళలో 58 నిండనివారిని తిరిగి తీసుకోవాలని అదే సుప్రీంకోర్టు 1985 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. పెదనాన్నగారు మళ్ళీ ఆఫీసుకు వెళ్ళారు. కొద్ది నెలలు చేసి, 1986 జనవరిలో రెండోసారి రిటైరయ్యారు. రెండుసార్లు పూలదండ, రెండుసార్లు వీడ్కోలు ఉపన్యాసాలు! "కాళిదాసు కవిత్వం కూడా ఇన్నిసార్లు మెచ్చుకుని ఉండరు" అనేవారు. అప్పటికి అక్కకు వేరే సంబంధం చూసి 1985 మే నెలలో పెళ్ళి చేసేశారు.

ఆ మే నెల గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

1989లో రామారావు గారు ఓడిపోయారు. 1994 డిసెంబరులో తిరుగులేని మెజారిటీతో మళ్ళీ వచ్చారు. నాయనమ్మ అప్పటికి లేదు. 1995 ఆగస్టు వచ్చింది. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. సొంత పార్టీ ఎమ్మెల్యేలే అటు వెళ్ళిపోయారు. ట్యాంక్‌బండ్ దగ్గర హోటలు ముందు ఆయన మీద చెప్పులు విసిరారు. సెప్టెంబరు 1న కొత్త ముఖ్యమంత్రి వచ్చారు. ఆ రోజుల్లో పత్రికల్లో, టీకొట్ల దగ్గర, కాలేజీ క్యాంటీనులో ఎక్కడ విన్నా ఒకటే నవ్వు. డెబ్బై దాటిన మనిషి 1993లో చేసుకున్న రెండో పెళ్ళి మీద నవ్వు. తప్పంతా ఆ ఇంటికి వచ్చిన ఆడమనిషిదే అన్న నవ్వు. మేము ఆడపిల్లలమూ నవ్వాం. అబద్ధం చెప్పను, నేనూ ఒక జోకు మోసుకొచ్చి ఇంట్లో చెప్పాను, పెదనాన్నగారు సంతోషిస్తారని.

ఆయన నవ్వలేదు.

"పన్నెండేళ్ళు నేను ఆయన్ని చూసి నవ్వానమ్మా. అప్పుడు ఆయన కుర్చీలో ఉన్నాడు. నా ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. నా చేతిలో కత్తెర తప్ప ఏమీ లేదు. ఇవాళ ఆయన చేతిలో ఏముందని నవ్వుతున్నారు మీరంతా?" అన్నారు. కాసేపాగి, "ఆవిణ్ణి తిట్టడం మరీ తేలిక. ఎమ్మెల్యేలు వెళ్ళింది వాళ్ళ కాళ్ళతో వాళ్ళు కదా!" అన్నారు.

నోట్‌బుక్కులో చివరి బొమ్మ కింద తేదీ 1995 జులై. ఆగస్టు బొమ్మ ఒక్కటీ లేదు. పత్రికల్లో అన్ని పడ్డాయి కదా, ఒక్కటీ కత్తిరించలేదు. 1996 జనవరి 18న రామారావు గారు పోయారన్న వార్త విని, ఆ రోజు ఆయన కాఫీ కూడా తాగకుండా చాలాసేపు వాకిట్లో కూర్చున్నారు. శత్రువైనా, పన్నెండేళ్ళు రోజూ పొద్దున్నే చూసిన ముఖం!

1998లో ఊళ్ళో ఉన్న పిత్రార్జితం పంచుకున్నారు. అన్నదమ్ములు, పిల్లలు అందరూ కూర్చున్నారు. అప్పుడు లాయరు గారు ఒక సంగతి చెప్పారు. రామారావు గారి ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని మన రాష్ట్రం వరకు సవరించింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్ళకూ పుట్టుకతో హక్కు ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన ఆడపిల్లలకు వర్తించదు.

నాకు అప్పటికి ఏడేళ్ళు కాబట్టి నాకు వాటా ఉంది. అక్కకు మే నెలలో పెళ్ళయింది. లేదు.

అందరూ లెక్క వేసుకుంటున్నారు, పైకి ఎవరూ అనడం లేదు. 1983లో కుదిరిన పెళ్ళి ఆయన జీవో వల్ల తప్పిపోయింది. రెండేళ్ళు ఆలస్యమైంది. ఇంకో నాలుగు నెలలు ఆలస్యమై ఉంటే ఆయన చట్టం వల్లనే అక్కకు భూమి వచ్చేది!

అక్కే ముందు నవ్వింది. "నాన్నా, ఇది మాత్రం ఎవరూ కార్టూను వెయ్యలేదే!" అంది.

పెదనాన్నగారు కూడా నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నా ఉద్యోగం తీసేసినవాడే నీకు చెక్క రాసిచ్చాడమ్మా. జాగ్రత్తగా పెట్టుకో" అని సంతకం చేశారు. 2005లో కేంద్ర చట్టం పెళ్ళైనవాళ్ళకూ ఆ హక్కు ఇచ్చింది గానీ, అప్పటికే రిజిస్టరైపోయిన మా పంపకాన్ని అది కదపలేదు. అక్క ఆ మాట ఎత్తినప్పుడల్లా నాకు తల వంగిపోతుంది. తప్పు నాది కాకపోయినా.

అంచేత, ఆ నోట్‌బుక్కులోని మనిషి నాకు ఎప్పటికీ ఒక్కడిగా కనిపించడు. ఒక పేజీలో నవ్వు వస్తుంది, పక్క పేజీ తిప్పేసరికి మా పొలం గుర్తుకొస్తుంది. ఆ బొమ్మలు వేసినవాళ్ళు తప్పు వేశారా అంటే, లేదు. అవి లేకపోతే ఆ మూడేళ్ళు మా పెదనాన్నగారు ఎలా బతికేవారు? రోజుకొక అరగంట నవ్వు ఆయనకు జీతం లేని రోజుల్లో జీతం. నాయనమ్మ అలిగింది, అన్నం మానేసింది, కానీ "ఆ బొమ్మ వేసినవాణ్ణి పట్టుకెళ్ళండి" అని అనలేదు. ఇప్పుడు ఆ మాట తేలిగ్గా అనేస్తున్నారు. 2017 ఏప్రిల్లో శాసనమండలినీ ముఖ్యమంత్రి గారి కుమారుణ్ణీ ఎగతాళి చేస్తూ ఫేస్‌బుక్‌లో బొమ్మలు పెట్టిన ఒకాయన్ను ఆంధ్రప్రదేశ్ పోలీసులు హైదరాబాదు వచ్చి తీసుకెళ్ళారు. ప్రభుత్వం మారింది. 2020లో గుంటూరులో అరవై దాటిన ఒక మహిళకు ఫేస్‌బుక్‌లో పెట్టిన మాటలకు సి.ఐ.డి. నోటీసు వచ్చింది. పార్టీలు వేరు, కోపం ఒక్కటే. మా చర్లపల్లి జైలు గోడ పక్కనుంచి ఆటోలో వెళ్తున్నప్పుడు, ఇక్కడ బొమ్మలు వేసినవాళ్ళకు కూడా చోటు ఉంచారేమోనని నాకు అప్పుడప్పుడూ గుబులేస్తుంది.

సరే, ఆదివారం సంగతి. సాయంత్రం మా మరిదికి నేనే ఫోను చేశాను. గ్రూపులోకి రమ్మని అడగలేదు. "ఆ బొమ్మలో నీకు ఏది బాధ కలిగింది బాబూ?" అని అడిగాను. కాసేపు రాజకీయం మాట్లాడాడు. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పాడు. వాళ్ళ అమ్మాయి చదువుకు ఆ నాయకుడి పథకంలో ఫీజు కట్టారట. ఆ సంగతి మాకెవరికీ తెలీదు. చెప్పుకోవడానికి నామోషీపడి చెప్పలేదు. వదినగా నాకు అదీ తెలీలేదే అని సిగ్గేసింది.

ఆ బొమ్మ పంపిన కుర్రాణ్ణి కూడా నేనేమీ అనలేదు. అది నిజంగానే బాగుంది. నేను కూడా వంటింట్లో ఒంటరిగా నవ్వాను. ఎక్కడైనా అతికించి, కింద తేదీ వెయ్యమని మాత్రం చెప్పాను.